బొమ్మ వెనక నా ముఖం

అశోక్‌నగర్, హైదరాబాదు
12 జనవరి 1997

రాజకుమారికి,

ఆశీస్సులు. ఎప్పుడూ పంపేటన్ని పంపడం లేదు. ఇవాళ కోపంలో ఉన్నాను కాబట్టి కొన్ని నా దగ్గరే ఉంచుకున్నాను.

నీ అన్నకు అరవై తొమ్మిది నిండాయి. పళ్లు పదకొండు మిగిలాయి, శత్రువు ఒక్కడు మిగిలాడు. తక్కినవాళ్లు నా విమర్శలకు తట్టుకోలేక పోయారని నలుగురిలో చెప్పుకుంటుంటాను. మీ వదిన లక్ష్మి, "వాళ్లు షుగరుతోని పోయిండ్రు, నీతోని కాదు" అంటుంది.

మిగిలిన ఆ ఒక్కడు జగన్మోహన్. చిక్కడపల్లిలో మన పాత ఇంటి ముందుగదిలో కిరాయికుండి బొమ్మలు వేసేవాడే, అతడే. ఇప్పుడు పెద్ద చిత్రకారుడు. బంజారాహిల్స్‌లో కొత్తగా తెరిచిన గ్యాలరీవాళ్లు అతని నలభై ఏళ్ల బొమ్మలన్నీ ఒకచోట చేర్చి వచ్చే నెల ప్రదర్శన పెడుతున్నారు. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు కదా, ఈ సంవత్సరం గోడకు ఏది వేలాడదీసినా దేశభక్తే. ఆ గ్యాలరీకి బొమ్మలు కొనడానికి వచ్చే ఆడవాళ్లు సోఫా గుడ్డ ముక్క వెంట తెచ్చుకుని, బొమ్మ పక్కన పెట్టి చూస్తారట. చూడనీ. నేను ఇరవై రెండేళ్లు పత్రికలో చిత్రకళ మీద రాసి కూడా ఆ మాత్రం నిక్కచ్చి కొలబద్ద ఒకటి కనిపెట్టలేకపోయాను.

నా పద్ధతి నీకు తెలుసు. ప్రదర్శనలకు పోయేవాణ్ణి కాదు. నారాయణగూడలో ఈదయ్య ఫ్రేముల దుకాణానికి అందరి బొమ్మలూ ముందే వచ్చేవి. గోడకు ఆనించినవి ఆనించినట్టే చూసి, ప్రారంభోత్సవానికి ముందురోజే విమర్శ రాసి పడేసేవాణ్ణి. ఒకసారి తలకిందులుగా పెట్టిన బొమ్మ చూసి "ఆకాశం బరువు" గురించి రెండు పేరాలు రాశాను. అది చెరువని తర్వాత తెలిసింది. గీసినవాడు ఇంటికొచ్చి దండం పెట్టిపోయాడు.

ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఈదయ్య దుకాణంలో నా స్టూలు నాకుంది. మొన్న గురువారం జగన్మోహన్ పాత బొమ్మలు కొత్త ఫ్రేములకు వచ్చాయి. అందులో "మధ్యాహ్నం" అనే బొమ్మ ఉంది. 1961లో అతనికి పేరు తెచ్చింది అదే. దాని మీద ఆనాడు నేనే రాశాను: "ఈ పెరడు ఎక్కడిదో తెలియదు గానీ, ఈ బండల మీద చిత్రకారుడు చెప్పుల్లేకుండా నడిచాడు." ఈదయ్య వెనక అంటించిన ఖాకీ కాగితం పీకాడు. పీకి నా వంక చూశాడు.

"సారూ, గిది మీరే గదా?"

నేనే. హార్డ్‌బోర్డు వెనక బొగ్గుతో గీసిన నా ముఖం. ఆ ఏడాది నన్ను నేను గీసుకోబోయి, ముక్కు కుదరక విసిరికొట్టిన బోర్డు అది. తిప్పి చూస్తే ముందువైపు తడిసిన షాబాద్ బండలు, తీగ మీద ఒక చీర, వంటింటి వెనక గుమ్మం. మన చిక్కడపల్లి పెరడు! ముప్పై ఆరేళ్ల కింద మెచ్చుకుంటూ రాసినప్పుడు మన ఇంటిని నేను గుర్తుపట్టలేదు.

బోర్డు నాది, ముఖం నాది, పెరడు మనది. మరి బొమ్మ ఎవరిది? ఆలోచిస్తున్నాను.

నీ అన్నయ్య
కుమారస్వామి

*

కరీంనగర్
20 జనవరి 1997

అన్నయ్యకు,

నమస్కారాలు. నావి తగ్గించకుండానే పంపుతున్నాను.

మీ బావగారి కంటికి శుక్లాల ఆపరేషన్ వచ్చే నెలకు పడింది. ఆ హడావుడిలో ఉన్నాను. అందుకే చిన్న ఉత్తరం.

పాత బోర్డు సంగతి వదిలెయ్యి. ఆ రోజుల్లో ఇంటినిండా నీ బోర్డులే. కుదరని ముక్కులే ఒక కట్ట ఉండేవి. ఎవరో ఒకటి తీసుకున్నారు. దానికి ఇప్పుడు పంచాయితీ ఎందుకు? వదినను అడిగానని చెప్పు.

రాజకుమారి

*

అశోక్‌నగర్
2 ఫిబ్రవరి 1997

రాజకుమారికి,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఈదయ్య కూడా ఆశ్చర్యపోయాడు. "అమ్మగారు గట్లెట్ల ఇడిసిపెట్టుమంటది సారూ?" అన్నాడు.

వదిలెయ్యను, ఎందుకంటే గుర్తొచ్చింది. ఆ బొమ్మ నేనే వేశాను. మే నెల, శనివారం. కుడి దవడ పన్ను నొప్పి. లవంగం బుగ్గన పెట్టుకుని పెరట్లో పీట వేసుకుని కూర్చున్నాను. బండల మీద తడిని మూడు పూతల్లో తెచ్చాను. లక్ష్మి మజ్జిగ తెచ్చింది. ఇంత స్పష్టంగా గుర్తున్నది అబద్ధం ఎలా అవుతుంది? వేసి, నచ్చక, మంచం కింద పడేసి ఉంటాను. ముందుగదిలో ఉన్న జగన్మోహన్ అది తీసుకుపోయి తన పేరు పెట్టుకున్నాడు. నేనేమో నా బొమ్మనే పత్రికలో పొగిడి, దొంగకు పేరు తెచ్చిపెట్టాను. ఇంతటి మూర్ఖుడు మన వంశంలో ఇంతకుముందు లేడు.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. 1964లో నా బొమ్మలు ఒకే ఒక్కసారి ప్రదర్శనకు పెట్టాను. నువ్వప్పుడు కాపురానికి వెళ్లిపోయావు. జగన్మోహన్ వచ్చి, హాలంతా తిరిగి, చివరికి నా భుజం మీద చెయ్యేసి "ఫ్రేములు బాగున్నయి" అన్నాడు. ఆ రోజు నుంచి కుంచె ముట్టుకోలేదు. ఇప్పుడు తెలిసిందిగా, నా చెయ్యి ఎలాంటిదో! వాడికి పేరు తెచ్చిన బొమ్మ నాది!

పత్రికకు రాస్తున్నాను.

కుమారస్వామి

*

కరీంనగర్
14 ఫిబ్రవరి 1997

అన్నయ్యకు,

రాయకు. దండం పెట్టి చెబుతున్నాను, పత్రికకు రాయకు. జగన్మోహన్ గారిని ఏమీ అనకు.

ఆ మేలో నీ పన్ను నొప్పి నాకు గుర్తులేదు. నువ్వు పెరట్లో కూర్చున్నది అసలే గుర్తులేదు. శనివారాలు నువ్వు ఈదయ్య దుకాణంలో ఉండేవాడివి. మిగతా రోజులూ అక్కడే అనుకో.

మిగిలింది ఉత్తరంలో రాయలేను. నా ఉత్తరాలు నువ్వు దుకాణంలో చదివి వినిపిస్తావని నీ ఉత్తరమే చెబుతోంది. ఆపరేషన్ అయి, మీ బావగారి కంటికి పట్టీ తీసేశాక హైదరాబాదు వస్తాను. ఎదురుగా కూర్చుని చెబుతాను. అప్పటిదాకా ఆగు.

రాజకుమారి

*

అశోక్‌నగర్
9 మార్చి 1997

చెల్లెలికి,

పత్రికలో వచ్చింది. కత్తిరించి పంపుతున్నాను. బావగారికి పట్టీ తీశాక చదివి వినిపించు.

గ్యాలరీలో గగ్గోలు పుట్టింది. విలేకరులు వచ్చారు. బోర్డు తిప్పి నా ముఖాన్ని ఫోటోలు తీశారు. ముప్పై ఆరేళ్లు ఆలస్యమైనా చివరికి నా ముక్కు పత్రికకెక్కింది. జగన్మోహన్‌ను అడిగారు. అతడు కుర్చీలోంచి లేవకుండా, "ఆ బొమ్మ నేను వెయ్యలే. ఎవరు వేసిన్రో చెప్ప" అన్నాడట. అంతే. ఇంకేం కావాలి? ఒప్పుకోలు కాక మరేమిటది?

గ్యాలరీవాళ్లు బొమ్మను కారులో పంపించారు. ఇప్పుడు మా ముందుగది గోడకుంది. పొద్దున కాఫీ తాగుతూ నా ప్రతిభను నేను చూసుకుంటున్నాను. వయసులో ఉండగా ఎంత బాగా వేసేవాణ్ణో! మీ వదిన దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ఏదో గొణుగుతుంది. అసూయ అనుకుంటాను.

ఈ నెల ముప్పైన చిక్కడపల్లిలో నాకు సన్మానం. పదకొండు పేజీల ఉపన్యాసం రాసుకున్నాను. అందులో ఆరు పేజీలు జగన్మోహన్ గురించే.

ఇక నీ సంగతి. రాయకు, అనకు, దండం పెడతాను అన్నావు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ముందుగదిలో ఉన్నవాడంటే ఆనాడు నీకు కాస్త అభిమానం ఉండేదేమో. ఇరవై ఏళ్ల పిల్లవు. నేను తప్పు పట్టను. కానీ సొంత అన్న కష్టం కంటే అదే ఎక్కువయిందా?

కుమారస్వామి

*

కరీంనగర్
22 మార్చి 1997

అన్నయ్యకు,

ఈ ఉత్తరం ఈదయ్య దుకాణంలో చదువు. గట్టిగా చదువు. నాకిప్పుడు అభ్యంతరం లేదు.

ఆ బొమ్మ నాది.

నీ బోర్డు మీద, నీ రంగులతో నేను వేశాను. మేలో కాదు, మార్చిలో. పదిహేను రోజులు, రోజూ మధ్యాహ్నం, నువ్వు ఇంట్లో లేనప్పుడు. నీ ముక్కు కుదరని బోర్డు రెండో వైపు ఖాళీగా ఉంది. ముట్టుకుంటే తిడతావని భయపడుతూనే తీసుకున్నాను. అంతకు కొన్నాళ్ల ముందే భోజనాల దగ్గర అన్నావు, "ఆడపిల్లల చేతికి రంగులిస్తే ముగ్గు దాటి పోదు" అని. నాన్న నవ్వాడు. నేను నీకు పప్పు వడ్డించాను.

జగన్మోహన్ గారు ఒకరోజు నీళ్లకోసం పెరట్లోకి వచ్చి చూశారు. టర్పెంటైన్ సీసా ఒకటి గుమ్మం దగ్గర పెట్టి పోయారు. పూర్తయ్యాక నీ ముఖం కనబడకుండా వెనక ఖాకీ కాగితం అంటించాను. ఆయన చూసి, "దీనికి ఫ్రేము కట్టిస్తనమ్మా" అని ఈదయ్య దగ్గరికి తీసుకుపోయారు. ఈదయ్య ఆయన బొమ్మలతో కలిపి దాన్నీ ప్రదర్శనకు పంపాడు. కాటలాగులో ఆయన పేరే అచ్చయింది. అది చూసి ఆయన ఉరికొచ్చారు. "పోయి చెప్తనమ్మా, పేరు మార్పిస్త" అన్నారు.

అప్పటికే ఆ పొద్దున్న పత్రికలో నీ విమర్శ వచ్చింది. చెప్పుల్లేకుండా నడిచిన చిత్రకారుడు! రోజూ ఆ బండల మీద బకెట్లు మోసేదాన్ని నేను. అన్నయ్యా, నన్ను గురించి అంత మంచి మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. నువ్వు కూడా మళ్లీ అనలేదు. నాది అని తెలిస్తే నువ్వు ఆ వాక్యం వెనక్కి తీసుకుంటావని భయపడ్డాను. "చెల్లెలి ప్రయత్నం ఫరవాలేదు" అంటావు. అంతకంటే వేరేవాళ్ల పేరు మీద ఆ వాక్యం అలాగే ఉండటం నయమనిపించింది. చెప్పవద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. పై ఏడాదికి పెళ్లయింది.

ఆయన ఒట్టు నిలబెట్టుకున్నారు. ఎంతమంది అడిగినా ఆ బొమ్మ అమ్మలేదు. తనను దొంగ అని నువ్వు పత్రికలో రాసినా నోరు విప్పలేదు. అభిమానం అన్నావే, అవును, ఉంది. నువ్వనుకున్న రకం కాదు.

ఇప్పుడు నీ ఇష్టం. ముప్పైన వేదిక మీద ఏం చెబుతావో చెప్పు.

రాజకుమారి

*

అశోక్‌నగర్
1 ఏప్రిల్ 1997

రాజీ,

తేదీ చూసి నవ్వకు. ఈ రోజుకు నాకంటే తగినవాడు లేడు.

నీ ఉత్తరం ఇరవై ఎనిమిదిన అందింది. సన్మానానికి ఇంకా రెండు రోజులున్నాయి. దుకాణంలో చదవలేదు. ఇంట్లో, స్నానాల గదిలో తలుపేసుకుని చదివాను. బయటికి వచ్చి లక్ష్మికి చెప్పాను.

"నాకెర్కే" అంది. "ఆ తీగ మీదున్న చీర నాది. ఎర్రంచుది."

"మరి ఇన్నాళ్లు చెప్పలేదేం?"

"నువ్వడిగితివా? నువ్వు చెప్తుంటివి, మేమింటుంటిమి. మజ్జిగ ఇచ్చిన్నని గూడ నువ్వే చెప్తివి. సరే, ఇచ్చిన్నేమో అనుకున్న."

రాజీ, ఆ పన్ను నొప్పి నేను కల్పించింది. ఎంత గట్టిగా కల్పించానంటే, ఫిబ్రవరిలో నిజంగానే దవడ వాచింది, లవంగాలు తెప్పించుకున్నాను. ఉన్న పదకొండు పళ్లలో ఆ వైపు ఒక్కటీ లేదని కూడా నాకు తట్టలేదు.

ముప్పైన ఏం చెప్పానో అడుగుతున్నావు. ఏమీ చెప్పలేదు. వెళ్లాను. వేదిక ఎక్కాను. మొదటి వక్త నన్ను "అజ్ఞాతంగా మిగిలిపోయిన మహా చిత్రకారుడు" అన్నాడు. అప్పుడు లేచి కాదనాలి. లేవబోయాను కూడా. నేను శాలువా కోసం లేచాననుకుని కప్పేశారు. కప్పాక వెచ్చగా ఉంది. పదకొండు పేజీలు జేబులోంచి తియ్యలేదు. "అందరికీ కృతజ్ఞతలు, గొంతు బాగాలేదు" అని కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. నిరాడంబరుడినట.

ఇరవై రెండేళ్లు ఊరందరి అబద్ధాలనూ ఎండగట్టినవాడికి ఒక్క వాక్యం నోటికి రాలేదు. ఇందులో నాకు సంజాయిషీ లేదు. తిట్టు.

అన్నయ్య

*

(పోస్టు కార్డు)
కరీంనగర్
7 ఏప్రిల్ 1997

అన్నయ్యకు,

తిట్టను. తిడితే దాన్నీ ఎవరికో చదివి వినిపించి నవ్విస్తావు. నిన్ను నువ్వు వెక్కిరించుకుంటే పని అయిపోయినట్టే అనుకుంటావు. చిన్నప్పటి నుంచీ అంతే.

మీ బావగారికి కన్ను బాగుంది. బొమ్మ నీ గోడకే ఉండనీ. నాకేమీ వద్దు.

రాజకుమారి

*

అశోక్‌నగర్
4 మే 1997

రాజీ,

నీ కార్డు వారం రోజులు నా జేబులో ఉంది. ఎవరికీ చదవలేదు. వెక్కిరించుకోకుండా ఒక ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. అలవాటు లేని పని, తప్పులుంటే ఓర్చుకో.

బొమ్మను దుప్పట్లో చుట్టి, ఆటోలో పెట్టుకుని గాంధీనగర్ వెళ్లాను. జగన్మోహన్ ఇప్పుడు అక్కడ, కింది వాటాలో ఉంటున్నాడు. మోకాళ్లు వంగవు. తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాడు.

"రా కుమారస్వామీ. శాలువ కప్పుకొని వస్తవనుకున్న."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నది. చెప్పలే. గిండ్ల అడిగేదేమున్నది?"

"నిన్ను దొంగ అని పేపర్లో రాసిన్నయ్యా!"

"నువ్వెన్ని రాయలే నా మీద? గిదొకటి. నాకు అలవాటే."

దుప్పటి విప్పి బొమ్మను గోడకు ఆనించాను. తర్వాత నేను ఆగలేక అడిగాను, 1964లో ఫ్రేములు బాగున్నాయని ఎందుకన్నావని. ముప్పై మూడేళ్లుగా నాలో కాలుతున్నది అది.

"బాగుండె గదా. టేకువి. బొమ్మలు బాగలేకుండె. అబద్ధమాడుమంటవా? నువ్వు మా అందరికి నిజం చెప్తుంటివి గదా అని నేను గూడ చెప్పిన."

రాజీ, ఆ బొమ్మలు బాగాలేవు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. కాదనే మనిషి కోసం వెతుక్కున్నాను, దొరకలేదు, అందుకని నిజం చెప్పినవాడి మీద పడ్డాను. ఆ తర్వాత నేను రాసిన విమర్శలన్నీ ఆ ఒక్క మాటకు జవాబులే.

ఇద్దరం కలిసి గ్యాలరీకి వెళ్లాం. ప్రదర్శన ఇంకో నెల పొడిగించారు. అక్కడి అమ్మాయి పేరు రాగిణి, బుద్ధిగల పిల్ల. మేం చెప్పింది విని, పేరు చీటీ కొత్తది టైపు చేయించింది. బొమ్మ మళ్లీ గోడకెక్కింది. కింద: "మధ్యాహ్నం, 1961. రాజకుమారి." శాలువా ఇచ్చినవాళ్లకు తిప్పి పంపాను. వాళ్లు వెనక్కి తీసుకోం అన్నారు. లక్ష్మి మళ్లీ పంపించింది.

పత్రికకు రాశాను. పాత సంపాదకుడు ఉంటే వేసేవాడు కాదు. ఈ కొత్త కుర్రాడు వేశాడు. క్షమాపణ మొదటి పేరాలో ఉంది: బొమ్మ నా చెల్లెలిదని, జగన్మోహన్ మీద నేను రాసింది అబద్ధమని, సన్మానంలో నిజం తెలిసీ నోరు మూసుకున్నానని. అక్కడితో ఆపవచ్చు. కానీ ఈసారి బొమ్మను గ్యాలరీలో, నిలబడి, నిటారుగా, గంటసేపు చూశాను. నా జన్మలో ఒక ప్రదర్శనకు వెళ్లి రాసిన మొదటి విమర్శ ఇదే. చూసింది చూసినట్టు రాశాను. బండల మీద తడి గురించి, గుమ్మంలో చీకటి గురించి మంచి ఉంది. ఎడమ వైపు నీడ తప్పు దిక్కున పడిందని, తడిచీర బరువుకు తీగ వంగలేదని కూడా రాశాను. చెల్లెలివని వదల్లేదు. వదిలితే మళ్లీ ఆ భోజనాల దగ్గరికే పోయినట్టు.

కత్తిరించి పంపుతున్నాను. కోపం వస్తే రానీ.

అన్నయ్య

*

కరీంనగర్
13 మే 1997

అన్నయ్యకు,

అందింది. మూడుసార్లు చదివాను.

నీడ తప్పు కాదు. నాలుగు గంటలకు పక్కింటి సున్నపు గోడ మీద ఎండ పడి, అది మళ్లీ మన పెరట్లోకి కొట్టేది. రెండు వైపుల నుంచి వెలుతురు. అందుకే నీడ అటు పోయింది. ఆ వేళకు నువ్వు ఎన్నడూ ఇంట్లో లేవు, నీకెలా తెలుస్తుంది? ఈ జవాబు పత్రికకు కూడా పంపాను. వేస్తారో లేదో.

చీర మాట ఒప్పుకుంటాను. తీగ వంగాలి. అప్పుడు నాకు తట్టలేదు. పొద్దున మా మిద్దె మీద తడిచీర ఆరేసి, చాలాసేపు నిలబడి చూశాను. ఎంత వంగుతుందో ఇప్పుడు తెలిసింది.

ముప్పై ఆరేళ్ల కింద నా గురించి మంచి మాట వచ్చింది, వేరేవాళ్ల పేరు మీద. ఈసారి తప్పులు వచ్చాయి, నా పేరు మీద. మీ బావగారికి చదివి వినిపించాను. పక్కింటి కిష్టమ్మ గారిని పిలిచి ఆమెకూ వినిపించాను. తప్పులున్న పేరా ఇద్దరికీ రెండుసార్లు చదివాను.

రాజకుమారి